పాత కారు స్టార్ట్ చేయగానే పొగ వస్తోందా? ఇంజిన్ విప్పే ముందు కారణం పట్టుకునే పద్ధతి

పొద్దున్నే తాళం తిప్పగానే సైలెన్సర్ నుంచి గుప్పున పొగ లేచిందంటే చాలు, పక్కనున్న వాళ్లు తలా ఒక తీర్పు చెప్పేస్తారు. ఒకరు రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే లోహపు చుట్లు) పోయాయంటారు, ఇంకొకరు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ దిమ్మెకూ పైనున్న హెడ్‌కూ మధ్య బిగించే సీలు) అంటారు, మూడో ఆయన ఏకంగా ఇంజిన్ దించమంటాడు. అలా దించేయడం నాడి చూడకుండానే రోగిని ఆపరేషన్ బల్ల ఎక్కించినట్టు ఉంటుంది. స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వచ్చే పొగకు అరగంటలో మార్చేయగల చిన్న వాల్వూ కారణం కావచ్చు, నిజంగానే హెడ్ విప్పాల్సిన సమస్యా కావచ్చు. రెండింటికీ తేడా చెప్పేది ఓపికగా చేసే నాలుగు పరీక్షలే.

పొగ రంగు చూడమని అందరూ చెబుతారు. చూడాల్సిందే, కానీ రంగు ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. తెల్ల పొగకే నాలుగైదు కారణాలున్నాయి. పొగ ఎప్పుడు మొదలవుతోంది, ఎంతసేపు నిలుస్తోంది, కారులో ఏ ద్రవం తగ్గుతోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే రంగు వాటిని బలపరుస్తుంది. ముఖ్యంగా మూడోది. సైలెన్సర్ నుంచి పొగగా పోతున్నది ఏదైనా సరే, అది ఎక్కడో ఒక డబ్బాలోనో, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోనో తగ్గి తీరాలి.

తాళం తిప్పకముందు

ఈ పరీక్షంతా పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీదే చేయాలి. రాత్రంతా నిలబెట్టిన కారైతే మంచిది. రెండు గంటల క్రితం తిప్పిన ఇంజిన్ చల్లగా అనిపించినా లోపల ఇంకా వేడి ఉంటుంది, అసలు లక్షణం బయటపడదు. ముందురోజు సాయంత్రమే కారును సమతలంగా, గాలి బాగా ఆడే చోట పెట్టండి. షట్టర్ వేసిన గ్యారేజీలో ఈ పని అస్సలు చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, చంపేదాకా తెలియదు.

ఉదయం బానెట్ ఎత్తి ముందు మట్టాలు చూసుకోండి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి, ఆయిల్ ఎక్కడుందో చూడండి. పై గీత దాటి ఉంటే ఆ సంగతి అక్కడికక్కడే రాసుకోండి. ఎక్కువ పోసిన ఆయిల్ కూడా పొగ పెట్టిస్తుంది. డిప్‌స్టిక్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా వస్తే అదీ ఒక ఆధారమే. తర్వాత కూలెంట్. ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి రేడియేటర్ క్యాప్ తీసి లోపలే చూడండి, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాను నమ్మకండి. రేడియేటర్ ఖాళీ అవుతున్నా డబ్బాలో కూలెంట్ అలాగే నిలిచి ఉండటం పాత కార్లలో మామూలే. వేడి ఇంజిన్ మీద మాత్రం ఆ క్యాప్ జోలికి పోవద్దు, మరుగుతున్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

చివరగా బ్రేక్ ఆయిల్ డబ్బా. పొగకూ బ్రేక్‌కూ ఏం సంబంధం అనిపించవచ్చు. ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఈ మట్టాలన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వారం తర్వాత పోల్చుకోవడానికి జ్ఞాపకం కన్నా ఫొటో నయం.

పొగను చూసే తీరు

ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో, ఒకరు వెనక. వెనక ఉన్నవాళ్లు గొట్టానికి ఎదురుగా కాకుండా పక్కగా, రెండడుగుల దూరంలో నిలబడాలి. ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది, ఎన్ని సెకన్లు వచ్చిందో తర్వాత తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు.

నీలి పొగ విషయంలో చాలామంది తికమక పడేది వెలుతురు వల్ల. ఆయిల్ పొగలో ఉండేవి అతి సన్నని తుంపరలు. అవి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి వెనక ముదురు గోడో చెట్టో ఉండి, పక్క నుంచి ఎండ పడితేనే నీలం తెలుస్తుంది. అదే పొగను సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే పసుపు కలిసిన గోధుమ రంగులో కనిపిస్తుంది. అందుకే ఒకే కారును చూసి ఒకరు నీలం అంటారు, ఇంకొకరు బూడిద రంగు అంటారు. సూర్యుణ్ని మీ వెనకో పక్కనో ఉంచుకుని, ముదురు నేపథ్యంలో చూడండి.

స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా వదిలేయండి. పొగ మొదటి క్షణంలోనే వచ్చిందా, కొన్ని సెకన్లు ఆగి వచ్చిందా? పది సెకన్లలో పోయిందా, రెండు నిమిషాలు నిలిచిందా, వేడెక్కేకొద్దీ పెరిగిందా? మొదటి అర నిమిషంలో ఇంజిన్ మిస్సింగ్ కొట్టి తర్వాత సర్దుకుందా? ఇవన్నీ రాసుకోండి. ఈలోగా గొట్టానికి ఒక జానెడు దూరంలో తెల్ల అట్టముక్క పట్టుకోండి. దాని మీద పడిన చుక్కలు ఆరిపోయి మరకే మిగలకపోతే నీళ్లు. వేలితో రాస్తే జారే జిడ్డు మరకైతే ఆయిల్. పొడిగా నల్లగా అంటితే మసి.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఇంకో రెండు పరీక్షలు. అయిదు నిమిషాలు ఐడిలింగ్‌లో వదిలి, ఒక్కసారి 3000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి పొగ చూడండి. తర్వాత రోడ్డు మీద, వీలైతే పల్లంలో, గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి కొంత దూరం దిగనివ్వండి. కింద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అద్దంలో వెనక్కి చూడండి. ఈ రెండో పరీక్ష చాలామంది చేయరు. వాల్వ్ సీళ్ల గురించి (అవేమిటో నీలి పొగ దగ్గర చెబుతాను) అంత సూటిగా చెప్పే పరీక్ష మరొకటి లేదు.

తెల్ల పొగ: అన్నీ ఒకటి కావు

పెట్రోల్ మండితే నీళ్లు పుడతాయి. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. చల్లని సైలెన్సర్ గోడలకు తగిలి అందులో కొంత చుక్కలుగా మారుతుంది, మిగతాది బయటి చల్లగాలిలో తెల్లగా కనిపిస్తుంది. సైలెన్సర్ వేడెక్కగానే అదంతా పోతుంది. చలికాలం ఉదయం గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయంటే కంగారు పడాల్సిందేమీ లేదు. ఈ ఆవిరి గొట్టం దాటిన కొద్ది దూరంలోనే గాలిలో కలిసిపోతుంది, వాసన ఉండదు.

కూలెంట్ కాలి వచ్చే పొగ అలా కాదు. చిక్కగా ఉంటుంది, కారు వెనక తేలుతూ చాలాసేపు నిలుస్తుంది, కాస్త తియ్యటి వాసన వస్తుంది. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ విషం కాబట్టి ముక్కు దగ్గర పెట్టి పీల్చకండి, దూరం నుంచి తెలిసే వాసన చాలు. కింద కారిన కూలెంట్‌ను పెంపుడు జంతువులు నాకకుండా వెంటనే కడిగేయండి.

హెడ్ గాస్కెట్ మొదట్లో చాలా కొద్దిగా దెబ్బతిన్నప్పుడు సరిగ్గా స్టార్ట్ చేసే వేళలోనే బయటపడుతుంది. కారు ఆపాక కూడా కూలింగ్ సిస్టమ్‌లో ఒత్తిడి చాలాసేపు ఉంటుంది. ఆ ఒత్తిడి సన్నని సందులోంచి కూలెంట్‌ను ఒక సిలిండర్‌లోకి తోస్తుంది. ఉదయం స్టార్ట్ చేయగానే ఆ సిలిండర్ మండదు, ఇంజిన్ మూడు కాళ్ల మీద నడిచినట్టు వణుకుతుంది, తెల్లటి మబ్బు లేస్తుంది. ఒక నిమిషంలో ఆ కూలెంట్ కాలిపోయి ఇంజిన్ మామూలుగా తిరుగుతుంది. రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. అందుకే యజమాని నెలల తరబడి పట్టించుకోడు. ఆరు వందల కిలోమీటర్లకో వెయ్యికో కూలెంట్ టాప్‌అప్ చేస్తూ, ఎక్కడో కారుతోందిలే అనుకుంటాడు. కింద మరక లేకుండా కూలెంట్ తగ్గుతోందంటే నేనైతే ముందు దీన్నే అనుమానిస్తాను.

నిర్ధారించుకోవడానికి ఈ వరుసలో వెళ్లండి.

మొదట, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. కూలెంట్ ఇంకా గోరువెచ్చగా కూడా కాకముందే, ఒకట్రెండు నిమిషాల్లోనే హోస్ గట్టిపడితే సిలిండర్‌లోని గ్యాస్ కూలింగ్ సిస్టమ్‌లోకి తోసుకొస్తోందని అర్థం. ఫ్యాన్ బెల్టుకు చెయ్యి, చొక్కా తగలకుండా జాగ్రత్త.

తర్వాత కెమికల్ టెస్ట్. రేడియేటర్ మూతి మీద పెట్టే గాజు గొట్టం, అందులో నీలి ద్రవం ఉండే కిట్ దొరుకుతుంది. కూలెంట్ మీదున్న గాలిని ఆ ద్రవం గుండా లాగితే, అందులో కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపుగా మారుతుంది. ముందు కూలెంట్‌ను కొన్ని సెంటీమీటర్లు తగ్గించండి. కూలెంట్ గొట్టంలోకి వస్తే ద్రవం పాడైపోయి ఫలితం తప్పొస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. గాస్కెట్ లీక్ బాగా చిన్నదైతే ఈ టెస్ట్ దాన్ని పట్టుకోలేకపోవచ్చు. రంగు మారితే అనుమానం తీరినట్టే, మారకపోతే మాత్రం గాస్కెట్ బాగుందని అర్థం కాదు.

అప్పుడు ప్రెజర్ టెస్ట్. సాయంత్రం ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే ఆపి, క్యాప్ తీయగలిగినంత చల్లారాక ప్రెజర్ పంపు బిగించి, క్యాప్ మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు కొట్టండి. సాధారణంగా అది 0.9 నుంచి 1.1 బార్ ఉంటుంది. అంతకు మించితే బాగున్న హోస్ కూడా పగలవచ్చు. రాత్రంతా అలాగే వదిలి, ఉదయం స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్, పెట్రోల్ పంపు ఫ్యూజ్ పీకేసి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి. లోపల కూలెంట్ ఉంటే ఆ రంధ్రంలోంచి తుంపరగా చిమ్ముతుంది. ఏ సిలిండరో అనుమానం లేకుండా తెలిసిపోతుంది. మొహం అడ్డం పెట్టకండి.

ప్లగ్గులు తీయకుండా సెల్ఫ్ కొట్టొద్దని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణముంది. సిలిండర్‌లో కూలెంట్ ఎక్కువగా చేరి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. గాస్కెట్‌తో పోయేది ఇంజిన్ మొత్తానికి ఎసరు పెడుతుంది. ఉదయం సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ టక్కున పట్టేసినట్టు ఆగిందంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా ముందు ప్లగ్గులు తీయండి.

తీసిన ప్లగ్గులను పక్కపక్కనే పెట్టి చూడండి. మిగతావి లేత గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే, ఆ సిలిండర్‌ను ఆవిరి రోజూ కడుగుతోందన్నమాట. ఇక ఆయిల్ క్యాప్ కింద కనిపించే లేత గోధుమ రంగు నురగలాంటి జిడ్డు చూసి గాస్కెట్ పోయిందని తేల్చేయకండి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కక, లోపలి తేమ క్యాప్ దగ్గర గడ్డకట్టి అచ్చం అలాగే కనిపిస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా ఆ నురగే ఉంటే అప్పుడు భయపడాలి.

ఇప్పుడు బ్రేక్ సంగతి. బ్రేక్ మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే బ్రేక్ ఆయిల్ కిందికి కారదు, వెనకున్న బూస్టర్‌లోకి (పెడల్ తొక్కడం తేలిక చేసే డబ్బా) చేరుతుంది. బూస్టర్‌కు ఇంజిన్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టాలు) నుంచి వ్యాక్యూమ్ హోస్ ఉంటుంది కదా, ఆ హోస్ ద్వారా ఇంజిన్ బ్రేక్ ఆయిల్‌ను పీల్చి కాలుస్తుంది. చిక్కటి తెల్ల పొగ వస్తుంది, కూలెంట్ మట్టం మాత్రం చెక్కుచెదరదు. బ్రేక్ డబ్బా తగ్గుతూ ఎక్కడా తడి కనిపించకపోతే, బూస్టర్ వ్యాక్యూమ్ హోస్ పీకి లోపల తడి ఉందేమో చూడండి. తడి ఉంటే ఇక పొగ సంగతి పక్కన పెట్టి ముందు బ్రేక్ బాగుచేయించండి. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కొన్ని కార్లలో వ్యాక్యూమ్ మాడ్యులేటర్ లోపలి పొర చిరిగితే గేర్ ఆయిల్ కూడా ఇలాగే ఇంజిన్‌లోకి పోతుంది. దాని హోస్ పీకి చూస్తే ఎర్రటి ఆయిల్ కనిపిస్తుంది.

నీలి పొగ: ఆయిల్ ఏ దారిన వస్తోంది?

పాత కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువగా తప్పు తీర్పు పడేదీ దీని మీదే. నీలి పొగ అనగానే రింగులు అనేస్తారు. ఆయిల్ సిలిండర్‌లోకి రావడానికి దారులు చాలా ఉన్నాయి. పైనుంచి వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ జారే గొట్టాలు) ద్వారా రావచ్చు, కింద నుంచి రింగుల పక్కగా రావచ్చు, గాలితోపాటు పీసీవీ (ఇంజిన్ లోపలి గ్యాస్‌ను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు) హోస్ ద్వారానో టర్బో ద్వారానో రావచ్చు.

వాల్వ్ సీలు అంటే వాల్వ్ కాడ చుట్టూ టోపీలా కూర్చునే చిన్న రబ్బరు ముక్క. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి, కాడను పట్టుకోలేక వదులవుతుంది. ఇంజిన్ ఆపాక హెడ్ మీద నిలిచిన ఆయిల్ ఆ సందులోంచి బొట్టుబొట్టుగా దిగి, వాల్వ్ వెనకో పిస్టన్ మీదో చేరుతుంది. ఉదయం మొదటి మంటకే అది కాలి గుప్పున నీలి పొగ వస్తుంది, కొన్ని సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. కంప్రెషన్ (పిస్టన్ సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) బాగుంటుంది, పికప్ తగ్గదు. ఎక్కువసేపు ఐడిలింగ్‌లో ఉండి కదిలినప్పుడు, పల్లం దిగి మళ్లీ తొక్కినప్పుడు ఇంకోసారి పొగ కనిపిస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ బాగా పెరుగుతుంది, అది ఇన్‌టేక్ వాల్వ్ గైడ్ల సందులోంచి ఆయిల్‌ను లాగేస్తుంది. పల్లం పరీక్ష చేయమన్నది ఇందుకే.

రింగులు అరిగితే తీరు వేరు. ఇంజిన్ బరువు మోస్తున్నప్పుడు, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా తొక్కినప్పుడు పొగ ఎక్కువవుతుంది. స్టార్టింగ్‌లో వచ్చినా తర్వాత పూర్తిగా ఆగదు. నడుస్తున్న ఇంజిన్ మీద ఆయిల్ క్యాప్ తీసి చూస్తే లోపల నుంచి గాలి దడదడ కొడుతూ పొగ వస్తుంది.

ఈ రెండింటిలో ఏదో తేల్చుకునే ముందు పీసీవీ వాల్వ్ చూడండి. క్రాంక్‌కేస్‌లో, అంటే పిస్టన్ల కింది భాగంలో చేరే గ్యాస్‌ను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వ్ ఇది. తెరుచుకుని ఇరుక్కుపోతే ఆయిల్ ఆవిరిని అదే పనిగా లాగేస్తుంది. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల నుంచి కూడా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. చాలా రకాలను చేతిలో పెట్టుకుని ఊపితే లోపలి ముక్క టకటకలాడాలి. శబ్దం లేకపోతే మార్చేయండి. ఐడిలింగ్‌లో ఆయిల్ క్యాప్ తీసి ఆ రంధ్రం మీద పలచటి కాగితం పెట్టండి. కొద్దిగా లోపలికి అంటుకుంటే సిస్టమ్ పనిచేస్తోంది. ఎగిరిపోతే వాల్వో హోసో మూసుకుపోయి ఉండాలి, లేదంటే రింగులు. అతి తక్కువ ఖర్చుతో, అతి త్వరగా తేలిపోయే కారణం ఇదే. అయినా దీన్ని చివర్లో గుర్తు చేసుకుంటారు, అదేంటో.

ఆయిల్ పైనుంచి వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని ఇంకో పరీక్ష ఉంది. ఒక రాత్రి కారు ముక్కు కిందికి ఉండేలా, మరో రాత్రి పైకి ఉండేలా ఏటవాలు చోట నిలపండి. హ్యాండ్‌బ్రేక్‌తోపాటు చక్రాలకు అడ్డం పెట్టడం మరవకండి. ఇంజిన్‌ను కారు పొడవు వెంట, ముందు నుంచి వెనక్కి అమర్చిన కార్లలో ఆయిల్ హెడ్‌కు ఒక చివర చేరుతుంది. ఒకవైపు నిలిపినప్పుడు పొగ బాగా పెరిగి, రెండోవైపు తగ్గితే అనుమానం ఆ చివరనున్న సిలిండర్ల గైడ్ల మీదికి వెళ్తుంది.

సుబారు కార్లలోలా సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్లకు ఇదంతా అదే లెక్కలో వర్తించదు. వాటిలో ఆయిల్ సిలిండర్ గోడ మీద కింది భాగంలో నిలిచి, రింగుల పక్కగా కొంచెం జారుతుంది. చాలా రోజులు నిలబెట్టాక ఒక చిన్న నీలి గుప్పు రావడం వాటికి సహజమే. మాజ్డా ఆర్ఎక్స్‌లోని రోటరీ ఇంజిన్ అయితే కావాలనే కొంచెం ఆయిల్‌ను కాల్చుకుంటుంది. వాటికి వాల్వులే లేవు, వాల్వ్ సీళ్ల మాట ఎత్తిన మెకానిక్‌కు నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక కంప్రెషన్ టెస్ట్. సరిగ్గా చేస్తే దీనికి మించిన సాక్ష్యం లేదు, నిర్లక్ష్యంగా చేస్తే దీన్ని మించి తప్పుదారి పట్టించేదీ లేదు. బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి. ఇంజిన్ వేడిగా ఉండాలి. ప్లగ్గులు అన్నీ తీయాలి, ఒక్కొక్కటి కాదు. కాయిల్, పెట్రోల్ పంపు రెండూ ఆపేయాలి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. త్రాటిల్ మూసి ఉంటే గాలి లోపలికి రాదు, బాగున్న ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది. ఒక్కో సిలిండర్‌కు అయిదారు దెబ్బలు పడేదాకా సెల్ఫ్ కొట్టి, గేజ్ అంకె రాసుకోండి. ఎక్కువ పెట్రోల్ ఇంజిన్లు 125 నుంచి 180 పీఎస్ఐ మధ్య చూపిస్తాయి. మీ కారుకు ఎంతుండాలో దాని సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అంకె ఎంతన్నదాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం దాకా పర్వాలేదు, 15 దాటితే కారణం వెతకాల్సిందే.

తక్కువ వచ్చిన సిలిండర్‌లోకి ప్లగ్ రంధ్రం ద్వారా ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే ఆ ఆయిల్ రింగుల సందును కాసేపు మూసిందన్నమాట, రింగులో బోరో అరిగాయి. పెరగకపోతే వాల్వో గాస్కెటో. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు. అన్నీ బాగుండి ఉదయం పొగ మాత్రం వస్తుంటే, పీసీవీ కూడా సరిగ్గా ఉంటే, ఇక వాల్వ్ సీళ్లే అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇంకా సందేహముంటే లీక్‌డౌన్ టెస్ట్ చేసే మెకానిక్‌ను పట్టుకోండి. పిస్టన్‌ను పైకి తెచ్చి సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, ఎంత శాతం పోతోందో చూస్తారు. చెవి పెట్టి వినడమే ఇందులో అసలు పని. ఆయిల్ క్యాప్ దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్.

టర్బో ఉంటే ఇంటర్‌కూలర్ హోస్ విప్పి చూడండి. పలచటి ఆయిల్ పొర ఉండటం మామూలే, గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే టర్బోను అనుమానించాలి. అయితే టర్బో మార్చే ముందు దాని కింద నుంచి సంప్‌లోకి వెళ్లే ఆయిల్ రిటర్న్ పైపు మూసుకుపోలేదని తేల్చుకోండి. తిరిగి వెళ్లే దారి లేకపోతే కొత్త టర్బో కూడా పొగ పెడుతుంది.

నల్ల పొగ

ఇది గాలికి మించి పెట్రోల్ పడుతోందని చెబుతుంది, ఇంజిన్ అరుగుదల గురించి కాదు. కార్బ్యురేటర్ కారులో చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు కాస్త నలుపు సహజం. చోక్ తిరిగి తెరుచుకోకపోతే, కార్బ్యురేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా కూర్చోక పెట్రోల్ పొంగుతుంటే అది ఆగదు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుగుకు అడ్డం పెట్టి చూడండి, సగం కేసులు అక్కడే తేలవచ్చు.

ఇంజెక్షన్ కార్లలో నేను మొదట చూసేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. అది పాడై ఇంజిన్ గడ్డకట్టేంత చల్లగా ఉందని చెబితే, కంప్యూటర్ పాపం దాన్ని నమ్మి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే చాలా సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తాయి. వేడెక్కినా అంకె దిగకపోతే సెన్సర్ మార్చండి. తర్వాత ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ హోస్ పీకండి. అందులో పెట్రోల్ తడి ఉంటే లోపలి పొర చిరిగింది. రాత్రంతా బొట్టు కార్చే ఇంజెక్టర్ వల్ల కూడా ఉదయం నల్ల గుప్పు వస్తుంది, డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసన వస్తుంది. అలా పలచబడిన ఆయిల్‌తో ఎక్కువ రోజులు తిప్పకండి, బేరింగులు దెబ్బతింటాయి.

డీజిల్ అయితే

పాత డీజిల్ కారు చల్లగా స్టార్ట్ అయినప్పుడు తెల్లటి, కళ్లు మండించే, డీజిల్ వాసన కొట్టే పొగ వదిలితే అది మండని డీజిల్. ఇంజిన్ దడదడలాడుతూ వేడెక్కాక సర్దుకుంటే గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్ కోసం సిలిండర్‌ను ముందుగా వేడిచేసేవి) చూడండి. వైరు తీసి, ప్లగ్ కొనకూ ఇంజిన్ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. బాగున్నది ఒక ఓమ్‌కు అటూ ఇటూ చూపిస్తుంది, కాలిపోయినది అసలేమీ చూపించదు. నాలుగూ బాగుంటే వాటికి కరెంటు ఇచ్చే రిలే చూడండి. రెండూ సరిగ్గా ఉండి పొగ ఆగకపోతే ఇంజెక్టర్లు, పంపు టైమింగ్, కంప్రెషన్ అన్న వరుసలో వెళ్లాలి. డీజిల్ కంప్రెషన్ పెట్రోల్ ఇంజిన్‌కు రెండింతలకు పైనే ఉంటుంది, పెట్రోల్ గేజ్ పెడితే గేజ్ పోతుంది.

కారణం తేలాక

గాస్కెట్ అని తేలితే కారు తిప్పడం ఆపండి. ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే అన్నచోటే హెడ్ వంగుతుంది, అప్పుడు ఖర్చు వేరే లెక్కలోకి వెళ్తుంది. హెడ్ విప్పినప్పుడు దాని అడుగు భాగం సమంగా ఉందో లేదో మెషిన్ షాపులో చూపించకుండా కొత్త గాస్కెట్ వేయించకండి.

వాల్వ్ సీళ్లయితే అంత తొందర లేదు. ఉదయం ఒక్క గుప్పు, వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు ఆయిల్ అంటే మట్టం చూసుకుంటూ ఏళ్లు నడిపేవాళ్లున్నారు. చాలా కంపెనీలు వెయ్యి కిలోమీటర్లకు ఒక లీటరు దాకా తమ లెక్కలో ఒప్పుకుంటాయి, నా దృష్టిలో అది మరీ ఉదారం. అయితే కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మెల్లగా పాడుచేస్తుంది. కాబట్టి కన్వర్టర్ ఉన్న కారులో మరీ సాగదీయకండి. పొగ ఆపడానికి మందమైన ఆయిల్ పోయించమనే సలహా ఇస్తారు. మాన్యువల్‌లో అనుమతించిన గ్రేడ్ దాకా వెళ్లండి, దాన్ని దాటితే చల్లగా ఉన్నప్పుడు వాల్వులను తెరిచే క్యామ్‌కు ఆయిల్ అందడమే ఆలస్యమవుతుంది.

చాలా ఇంజిన్లలో సీళ్లు మార్చడానికి హెడ్ దించనక్కర్లేదు. స్ప్రింగ్ విప్పినప్పుడు వాల్వ్ సిలిండర్‌లో పడిపోకుండా ఆపితే చాలు. కంప్రెసర్ గాలి ఎక్కించి ఆపవచ్చు. లేదా పిస్టన్ కాస్త కింద ఉండగా ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు కూరి, కొస బయటే ఉంచి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. పిస్టన్ పైకొచ్చి తాడును వాల్వులకు అదిమి పట్టుకుంటుంది. అప్పుడు స్ప్రింగ్ నొక్కి, స్ప్రింగ్‌ను వాల్వ్ కాడకు పట్టి ఉంచే రెండు చిన్న కాటర్లు అయస్కాంతంతో తీసి, పాత సీలు పీకండి. చేత్తో నొక్కితే ప్లాస్టిక్ ముక్కలా పటుక్కుమంటే అనుమానం నిజమైనట్టే. కొత్త సీలు వేసేముందు వాల్వ్ కాడను పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. చేతికి స్పష్టంగా ఆట తెలుస్తుంటే గైడ్ కూడా అరిగింది, కొత్త సీలు ఎక్కువ రోజులు నిలవదు, హెడ్ పని చేయించడమే మేలు. కాటర్లు ఆయిల్ దారుల్లోకి జారిపోకుండా ఆ రంధ్రాల్లో గుడ్డ కుక్కి పెట్టుకోవడం, చివర్లో ఆ గుడ్డలు లెక్కపెట్టి తీయడం మరవకండి.

ఏ రిపేరైనా అయ్యాక మర్నాడే పొగ కనిపిస్తే నిరాశపడొద్దు. సైలెన్సర్ లోపల ఇన్నాళ్లూ చేరిన ఆయిల్, కూలెంట్ కాలిపోవాలి కదా. హైవే మీద ఒక గంట బాగా వేడెక్కేలా నడిపి, మర్నాడు ఉదయం అదే చోట, అదే వెలుతురులో మళ్లీ వీడియో తీయండి. కొత్త ఫొటోలు తీసుకుని, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక డిప్‌స్టిక్, కూలెంట్ మట్టాలు పాతవాటితో పోల్చండి. మట్టాలు కదలకపోతే పని అయినట్టే. పొగ లేకపోయినా కూలెంట్ తగ్గుతూనే ఉంటే, మళ్లీ ప్రెజర్ పంపు బిగించాల్సిందే.